లేని రెండేళ్ల అనుభవం

మా నాన్న చనిపోయిన జనవరిలో నేను లా స్కూల్ మూడో సంవత్సరంలో ఉన్నాను. ఒక్క సెమిస్టర్ మిగిలింది. కర్మలు అయ్యాక వచ్చిన సోమవారం క్లాసుకు వెళ్లాను. అది వీలునామాల చట్టం క్లాసు. ప్రొఫెసర్ వరసగా అందర్నీ ప్రశ్నలు అడుగుతూ వచ్చి, నన్ను వదిలేసి, నా పక్కనున్న అతన్ని అడిగాడు. ఎవరో చెప్పి ఉంటారు. జవాబు నాకు తెలుసు. అతనికి తెలియలేదు.

ఆ సంవత్సరం అనగానే నాకు గుర్తొచ్చేది దుఃఖం కాదు, ఉద్యోగం వెతుక్కోవడం. దుఃఖం ఉండే ఉంటుంది. ఎక్కడుందో నాకు తెలియలేదు. ఉద్యోగం సంగతి మాత్రం రోజూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. రోజూ ఏదో ఒక జవాబు చెప్పాల్సి వచ్చేది.

మేము ఉండేది అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో. నాన్న కార్ల తలుపులకు వేసే ల్యాచ్‌లను పరీక్షించే ఇంజనీరు. నన్నూ అమ్మనూ ఇక్కడికి తీసుకొచ్చేనాటికి నాకు ఏడేళ్లు. తెలుగు మర్చిపోకూడదని శనివారాలు పక్కన కూర్చోబెట్టుకుని చదివించేవాడు. ఆ చదువు వల్లే ఇది తెలుగులో రాయగలుగుతున్నాను. నేను లా చదువుతానంటే అడ్డు చెప్పలేదు. ఆ చదువు ఎలా ఉంటుందో, తర్వాత ఏమవుతుందో మా ఇంట్లోనే కాదు, మాకు తెలిసిన ఏ ఇంట్లోనూ ఎవరికీ తెలియదు. మా చుట్టూ అందరూ ఇంజనీర్లే. ఆయనకు తెలిసిందల్లా తను చదివిన కాలేజీ పద్ధతి. ఆఖరి సంవత్సరంలో కంపెనీలు వస్తాయి, పరీక్ష పెడతాయి, సాయంత్రానికి నోటీసు బోర్డు మీద పేర్లు అంటిస్తారు.

మూడో సంవత్సరం మొదలయ్యే ముందు ఒకరోజు అడిగాడు.

"మీ ప్లేస్‌మెంట్స్ ఎప్పుడమ్మా?"

"అయిపోయాయి నాన్నా."

"అప్పుడేనా? ఫస్ట్ రౌండా?"

"ఉన్నదే ఒక రౌండ్."

"సెకండ్ రౌండ్ ఉంటుందిలే," అన్నాడు. "కంపెనీలన్నాక ఉంటుంది."

లేదు. పెద్ద లా ఫర్మ్‌లు మొదటి సంవత్సరం మార్కులు చూసి, రెండో సంవత్సరం సరిగ్గా మొదలవకముందే ఇంటర్వ్యూలు ముగించేస్తాయి. ఎంచుకున్నవాళ్ల చేత ఆ సంవత్సరం చివరి వేసవిలో పని చేయించుకుని, చదువయ్యాక వాళ్లనే తీసుకుంటాయి. మా స్కూల్ పెద్ద పేరున్నది కాదు. అలాంటి చోట ఆ పిలుపు క్లాసులో పైన ఉన్న కొద్దిమందికే వస్తుంది. నా మార్కులు మధ్యరకం. మిగిలిన మాలాంటివాళ్లం చదువు ముగించి, బార్ పరీక్ష రాసి, ఫలితం వచ్చి, లైసెన్స్ చేతికి వచ్చేదాకా ఆగాలి. అప్పుడు కూడా చిన్న ఆఫీసుల్లో, ఇక్కడ జిల్లాలాంటి కౌంటీల ఆఫీసుల్లో ఎక్కడైనా ఖాళీ పడితేనే. ఇదంతా నాన్నకు రెండు మూడు సార్లు చెప్పాను. ఆయన విని, స్నేహితులతో మాత్రం "మా అమ్మాయి లాయర్" అనే చెప్పేవాడు.

నేను రెండో వేసవి పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో పనిచేశాను. లాయర్ని పెట్టుకోలేని ముద్దాయిలకు ప్రభుత్వమే లాయర్ని ఇచ్చే ఆఫీసు అది. నాకు ఆ పని నచ్చింది. అక్కడి చీఫ్, ఎప్పుడూ నిలబడే మాట్లాడే ఒకావిడ, లైసెన్స్ దగ్గరపడ్డాక ఫోన్ చెయ్యమంది. అమ్మకు చెబితే, "దొంగల తరఫునా?" అంది. "దొంగలని ఇంకా తేలనివాళ్ల తరఫున," అన్నాను. నాన్న నవ్వాడు. అది ఆయన చివరి వేసవి.

జనవరిలో ఆఫీసు పార్కింగ్‌లో, కారులో ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. ఆ రోజు నుంచి అన్నీ చూసింది అంకుల్. నాన్న ఈ దేశానికి వచ్చినప్పటినుంచీ ఆయనకు స్నేహితుడు. కరీంనగర్ మనిషి. చిన్న కన్సల్టెన్సీ నడుపుతారు. కొత్తగా చదువు ముగించిన పిల్లల్ని గెస్ట్ హౌస్‌లో పెట్టి, భోజనం పెట్టించి, కంపెనీల్లో ప్రాజెక్టులు ఇప్పించడం ఆయన వ్యాపారం. ఫ్యూనరల్ హోమ్‌తో మాట్లాడింది, పంతులుగారిని ఒప్పించింది, ఇంటికి వంతులవారీగా వంటలు వచ్చేలా చేసింది ఆయనే. ఇక్కడ దహనం అంటే చివరికి ఒక బటన్ నొక్కడం. నేను ఒక్కదాన్నే సంతానం. ఆడపిల్ల నొక్కవచ్చా అని వెనక ఎవరో గొణిగారు. అంకుల్ వెనక్కి కూడా చూడలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వే నొక్కు బిడ్డా. ఎవనికన్న ఏమన్న ఉంటే నాతోని మాట్లాడుమను," అన్నారు. నేను నొక్కాను.

పదమూడో రోజు భోజనాల దగ్గర ఒకాయన నా పక్క కుర్చీలో కూర్చుని, తన గ్రీన్ కార్డ్ ఎక్కడ ఆగిందో వివరంగా చెప్పి, ఏం చెయ్యమంటావు అని అడిగారు. నాకింకా లైసెన్స్ లేదు, సలహా చెప్పకూడదు అన్నాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "ఊరికే చెప్పమ్మా, ఫీజు అడుగుతావా ఏంటి మాతో?" అన్నారు. నిజంగానే చెప్పకూడదు. లైసెన్స్ లేకుండా లాయర్‌లా మాట్లాడినా, లాయర్నని చెప్పుకున్నా ఆ లైసెన్సే రాకుండా పోవచ్చు. ఆయన దాన్ని పొగరనుకున్నారు. ఆయన లేచి వెళ్లాక అంకుల్ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు.

"జాబ్ సంగతేంది బిడ్డా?"

"చూస్తున్నాను అంకుల్."

"రెజ్యూమే ఒకటి నాకు కొట్టు. నేను చూస్తా. మీ నాయన ఎప్పటినుంచో అంటుండె."

ఆ వారంలోనే పంపాను. నా రెజ్యూమే ఒక పేజీ. అందులో అనుభవం అంటే ఆ ఒక్క వేసవి.

మే నెలలో పట్టా తీసుకున్నాను. అమ్మ వచ్చింది, ఫోటోలు దిగాం. తర్వాత జూలై చివరిదాకా బార్ పరీక్షకు చదివాను. తోటివాళ్లు ఏడ్చేవాళ్లు, నిద్ర పట్టక మాత్రలు వేసుకునేవాళ్లు. నాకు అలాంటివేమీ లేవు. పొద్దున లేచి లైబ్రరీకి వెళ్లి, చదవాల్సిన పేజీలు చదివి వచ్చేదాన్ని. నువ్వెంత ధైర్యంగా ఉన్నావో అని ఒక స్నేహితురాలు మెచ్చుకుంది. దాన్ని ధైర్యం అంటారని నాకనిపించలేదు. పరీక్ష బాగానే రాశాను.

ఆగస్టులో పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు చీఫ్ ఫోన్ చేసింది. ఒకరు మానేస్తున్నారు, డిసెంబరు ఆఖరుకి లైసెన్స్ చేతిలో ఉంటే ఆ చోటు నీదే అంది. నేను సరేనన్నాను. అమ్మకు చెప్పాను. అమ్మ ఆ మాటను ఉద్యోగంగా లెక్కవేయలేదు. ఆఫర్ లెటర్ లేదు, చేరే తేదీ లేదు, పైగా దొంగలు.

బార్ పరీక్ష పాసైనంత మాత్రాన లైసెన్స్ రాదు. ఈ మనిషి నడవడి సరైనదని కూడా లాయర్లకు లైసెన్స్ ఇచ్చే బార్ వాళ్లు ఒప్పుకోవాలి. దానికో పెద్ద అప్లికేషన్. ఉన్న ఇళ్లన్నీ, చేసిన పనులన్నీ, ట్రాఫిక్ జరిమానా టికెట్లతో సహా రాయాలి. రాసి పంపాక ఏ విషయం మారినా మనమే వెంటనే తెలపాలి. చేసిన తప్పు కన్నా దాన్ని దాచడం పెద్ద తప్పు అని మాకు మూడేళ్లూ చెబుతూ వచ్చారు. నా అప్లికేషన్‌లో రాయడానికి ఒక స్పీడింగ్ టికెట్ తప్ప ఏమీ లేదు.

సెప్టెంబరు మొదట్లో ఒక శనివారం అమ్మా నేనూ ఇండియన్ స్టోర్‌లో ఉన్నాం. అమ్మ బెండకాయల కొసలు విరిచి చూసుకుంటోంది. నాకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పెద్దవయసు మగ గొంతు. ఒక చిన్న లా ఫర్మ్ యజమానినని చెప్పుకుని, నా రెజ్యూమే తనకు వచ్చిందన్నాడు. నేను ఆ ఫర్మ్‌కు పంపలేదు. అయినా ఉద్యోగాలు చూసిపెట్టే మా స్కూల్ కెరీర్ ఆఫీసు వాళ్లు పంపి ఉంటారనుకున్నాను.

"మీరు రెండేళ్లుగా అటార్నీగా ప్రాక్టీస్ చేస్తున్నారని ఉంది," అన్నాడు. "ఏ రాష్ట్రం బార్‌లో ఉన్నారు? మీ పేరు నాకెక్కడా కనిపించలేదు."

నేను ఏ బార్‌లోనూ లేనని, మేలోనే చదువు ముగించానని చెప్పాను. అతను తన ముందున్నది చదివాడు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంటులో అసోసియేట్ అటార్నీ, రెండేళ్లు. కంపెనీ పేరు చదివాడు. అది అంకుల్ కన్సల్టెన్సీ.

"ఇది మీరు రాయలేదా?"

"లేదు."

"అయితే ఎవరు రాశారో కనుక్కోండి. కనుక్కుని బార్‌కు చెప్పండి. నేను చెప్పేకన్నా మీరు చెబితే మంచిది." చివరి మాట దయగానే అన్నాడు.

అమ్మ బెండకాయల సంచి ముడి వేసి, "ఎవరు? జాబ్ వాళ్లా?" అని అడిగింది. అవునన్నాను.

అంకుల్ ఆఫీసు ఒక దోసెల హోటల్‌కూ, ట్యాక్స్ రిటర్నులు వేసే ఆఫీసుకూ మధ్య రెండు గదులు. గోడ మీద తెల్ల బోర్డు, దాని మీద రెండు వరసలు. ప్రాజెక్టులో ఉన్నవాళ్లు ఒకవైపు, మార్కెటింగ్‌లో ఉన్నవాళ్లు ఒకవైపు. మార్కెటింగ్ అంటే ఇంకా ఉద్యోగం రానివాళ్ల రెజ్యూమేలు రోజూ కంపెనీలకు పంపుతూ ఉండటం. ఆ వరసలో జావా, టెస్టింగ్, డేటా అని రాసిన పేర్ల కింద నా పేరు ఉంది. పక్కన లీగల్ అనీ, రెండేళ్లు అనీ ఉంది.

"రా బిడ్డా, కూసో. చాయ్ తాగుతవా?"

"అంకుల్, నా రెజ్యూమేలో ఆ రెండేళ్లు ఎక్కడ్నుంచి వచ్చాయి?"

"ఎవరన్న ఫోన్ చేసిండ్రా?" ఆయన ముఖం వెలిగింది. "చూసినవా? ఫ్రెషర్ అని పెడితే ఒక్కడు పిలిచిండా ఇన్ని నెలలు?"

"ఆ లీగల్ డిపార్ట్‌మెంట్ ఎక్కడుంది?"

"నువ్వే లీగల్ డిపార్ట్‌మెంట్," అని నవ్వారు. "రిఫరెన్స్‌కి నా నంబర్ ఇచ్చిన. ఎవడు అడిగినా నేను చెప్త. హైదరాబాద్‌ల మన పిల్లలు మంచిగ ఫార్మాట్ చేసిండ్రు. చానా ఫర్మ్‌లకు పోయింది."

నేను విషయం చెప్పాను. లైసెన్స్ లేకుండా లాయర్‌గా పనిచేశానని నా పేరుతో కాగితం తిరగడమే నేరంలాంటిదని, అది తెలిస్తే లైసెన్స్ ఇవ్వరని.

"వాళ్లకెట్ల తెలుస్తది?"

"నేనే చెప్పాలి."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు. "నువ్వే? నీ మీద నువ్వే పోయి చెప్తవా?"

"మీ పేరు కూడా చెప్పాలి అంకుల్. ఎవరు చేశారని అడుగుతారు."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నారు. గొంతు పెంచలేదు.

"అందరు పెడతరు బిడ్డా. ఇది ఒక్క నేను చేసింది కాదు. ఫస్ట్ జాబ్ ఎవడిస్తడు చెప్పు, జాబ్ లేనోనికి? లోపటికి పోయినంక పని నేర్చుకుంటరు, మంచిగ చేస్తరు. మోసమేముంది అండ్ల? మీ నాయన రెజ్యూమే ఎవరు చేసిండ్రనుకున్నవ్?"

నేను బోర్డు వైపు చూశాను.

"ఏడాది అనుభవం ఉండె ఆయనకు. మూడేండ్లు అని పెట్టిన. నా గెస్ట్ హౌస్‌ల నేల మీద పండుకుని రాత్రి పగలు ఆ టెస్టింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుండు. తర్వాత ఇరవై ఏండ్లు చేసిండు గదా? ఎవడన్న ఒక్క మాట అన్నడా?"

నాకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. ఆయన మీదో, నాన్న మీదో. రాలేదు. బోర్డు మీద నా పేరు తుడిచేయమని అడిగాను. ఆయనే లేచి చేత్తో తుడిచారు. పంపించిన ఫర్మ్‌ల పేర్లు కావాలని నేనంటే సాయంత్రానికి ఈమెయిల్ చేశారు. అందరికీ విడివిడిగా రాశాను, ఆ కాగితంలోది నిజం కాదని. కొందరు జవాబిచ్చారు. ఎక్కువమంది ఇవ్వలేదు.

బార్‌కు రాసేముందు అమ్మతో చెప్పాను. వంటింట్లో కూర్చుని మొత్తం వింది.

"ఆయన పేరు రాయకపోతే ఏం?"

"అడుగుతారమ్మా."

"అడిగినప్పుడు చూద్దాం. తెలిసినవాళ్లెవరో పంపారని రాయి."

"ఆ కాగితంలో ఆయన కంపెనీ పేరే ఉంది."

"మీ నాన్న పోయిన రోజు ఈ ఇంటికి ముందు వచ్చింది ఎవరు? నువ్వు సోఫాలో కూర్చుని గోడ చూస్తున్నావు, నేను నేల మీద పడి ఉన్నా. ఆ మనిషి మీద ఫిర్యాదు రాస్తావా?"

"ఫిర్యాదు కాదు. జరిగింది చెప్పడం."

"రెండూ ఒకటే. ఆయన వ్యాపారం పోతే?"

"నా లైసెన్స్ పోతే?"

నాన్న రెజ్యూమే సంగతి కూడా అడిగాను, నీకు తెలుసా అని.

"తెలుసు," అంది. "తెలియకేం. ఆ ఉద్యోగంతోనే నువ్వు ఇంతదానివయ్యావు."

నాన్న ఉంటే ఏం చెయ్యమనేవాడో అని చాలాసార్లు ఆలోచించాను. నిజం చెప్పమనేవాడని రాయడం తేలిక. పోయినవాళ్ల చేత మనకు కావలసినవి అనిపించుకోవడం ఎప్పుడూ తేలికే. బహుశా అంకుల్‌ని అడగమనేవాడు. నాకు తెలియదు.

ఆయన పేరుతో సహా రాసి పంపాను. నాన్న సంగతి అందులో లేదు. అది నా అప్లికేషన్‌కు సంబంధించినది కాదు. అమ్మ నాతో మాట్లాడటం తగ్గించింది. అన్నం తిన్నావా, హీటర్ పెంచు, అంతవరకే.

అక్టోబరులో బార్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఆ పెద్దమనిషి సంతకంతో ఏమైనా ఇవ్వగలరా, లేకపోతే మీరు చెప్పింది తప్ప మా దగ్గర ఇంకేమీ లేదు అంది. అంకుల్‌కి మెసేజ్ పెట్టాను. చదివినట్టు కనిపించింది. జవాబు రాలేదు. తన చేత్తో తను ఆ పని ఒప్పుకుంటూ సంతకం పెట్టడం ఆయనకు ఎంత ప్రమాదమో నాకు తెలుసు. మళ్లీ అడగలేదు.

నవంబరులో ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. మా క్లాసువాళ్లు ఒక్కొక్కరే లాయర్లుగా ప్రమాణం చేసి ఫోటోలు పెట్టారు. నా ఫైలు నడవడి విచారించే కమిటీ ముందుకు వెళ్తుందని ఉత్తరం వచ్చింది. కెరీర్ ఆఫీసులో ఒకమ్మాయి నెలకోసారి ఫోన్ చేసేది. చదువు ముగించినవాళ్లలో ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారో స్కూల్ లెక్క చెప్పాలి కాబట్టి, "ఇంకా వెతుకుతున్నట్టేనా?" అని మృదువుగా అడిగి, ఒక గడిలో టిక్ పెట్టుకునేది. అవునని చెప్పడానికి నాకు సిగ్గనిపించలేదు. ఆ అమ్మాయికే అనిపించేది.

నెలాఖరులో ఒక ఆదివారం మధ్యాహ్నం అంకుల్ వచ్చారు. అమ్మ పిలిచిందో, ఆయనే వచ్చారో నేను అడగలేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం అడిగారు.

"ఏం రాయాలె?"

"జరిగింది రాయండి అంకుల్. నేను చెప్పకూడదు."

"నువ్వు రాయి, నేను సంతకం పెడతా. లాయర్‌వి గదా."

"కాదు. అందుకే గదా ఇదంతా."

ఆయన నవ్వారు. అమ్మ కూడా నవ్వబోయి ఆగిపోయింది.

ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో, చాలాసేపు రాశారు. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. వాళ్ల నాన్న నా స్నేహితుడు. సాయం చేద్దామని నేనే మా వాళ్లతో రెండేళ్లు పెట్టించాను. మా లైన్లో అలా పెడతాం. తప్పని నాకు తెలియదు. ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆగి, దాన్ని మళ్లీ చదువుకుని, కొట్టేశారు. కింద సంతకం పెట్టారు. కాగితం నా వైపు జరిపి, "ఇది నాకేమన్న చేస్తదా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. అది నిజం. అమ్మ టీ తెచ్చేసరికి ఆయన షూస్ వేసుకుంటున్నారు.

డిసెంబరు మధ్యలో కమిటీ ముందు కూర్చున్నాను. ముగ్గురు లాయర్లు, ఎవరిదో ఆఫీసులో కాన్ఫరెన్స్ రూమ్, బల్ల మీద నీళ్ల సీసాలు. అంకుల్ కాగితం అందరి ముందూ ఉంది. కొట్టేసిన వాక్యాన్ని ఒకాయన వెలుతురుకి పెట్టి చదవడానికి ప్రయత్నించాడు. తర్వాత ఒకావిడ అడిగింది.

"ఆయన ఇతరులకు ఇలా చేస్తారని మీకు ముందే తెలుసా?"

"పెద్దవాళ్లు భోజనాల దగ్గర మాట్లాడుకుంటుంటే పిల్లలు వింటారు కదా, అలా తెలుసు. నా విషయంలో జరుగుతుందనుకోలేదు."

"అలా తెలిసి కూడా రెజ్యూమే ఎందుకిచ్చారు?"

"మా నాన్న దహనం అయిన నెలలో అడిగారు. ఆయన అప్పుడు ఏది అడిగినా ఇచ్చేదాన్ని."

ఆమె తల వంచుకుని ఏదో రాసుకుంది. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు వణకలేదు. వణికి ఉంటే వాళ్లకు నమ్మడం ఇంకా తేలికయ్యేదేమో అని అప్పుడే అనిపించింది. మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా చేశారా అని వాళ్లు అడగలేదు. అడిగితే చెప్పేదాన్ననే అనుకుంటున్నాను.

నిర్ణయం కొన్ని వారాల్లో తెలుపుతామన్నారు. ఆ సాయంత్రమే పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు చీఫ్‌కు ఫోన్ చేసి చెప్పాను. జనవరిలో కేసులు పంచాలి, కుర్చీ ఖాళీగా ఉంచితే ఉన్నవాళ్ల మీద పడుతుంది అంది. కొత్త సంవత్సరం వచ్చాక ఆ చోటు నా క్లాసులోనే చదివిన ఒకతనికి ఇచ్చారు. మంచివాడు. నాకు మెసేజ్ పెట్టాడు, ఏమనాలో తెలియడం లేదని. నేను కంగ్రాట్స్ అని పెట్టాను.

నాన్న సంవత్సరీకానికి అంకుల్ వచ్చారు. పంతులుగారికి కావలసినవన్నీ అందించారు, అందరితోనూ మాట్లాడారు, నాతో మాట్లాడలేదు. భోజనం చేసి, అమ్మకు చెప్పి వెళ్లిపోయారు. ఆయన వ్యాపారానికి ఏమీ కాలేదు. ఎవరూ ఆయన్ని పిలవలేదు, అడగలేదు. అమ్మ ఆ మాట నాతో రెండుసార్లు అంది, అందులో నేను ఓడిపోయినట్టుగా.

ఫిబ్రవరిలో కమిటీ నన్ను అనుమతించింది. ప్రమాణం రోజు నా తరఫున జడ్జి ముందు నిలబడి, ఈమెను తీసుకోవచ్చు అని చెప్పడానికి ఒక లాయర్ ఉండాలి. ఆ పబ్లిక్ డిఫెండర్ చీఫే వచ్చింది. తర్వాతి ఖాళీకి అప్లై చెయ్యి అని చెవిలో చెప్పింది, ఎప్పుడో చెప్పలేనంటూ. నేను చెయ్యెత్తి, జడ్జి చదివిన ప్రతి వాక్యం వెనకే చదివాను. కోర్టునుగానీ జ్యూరీనిగానీ అబద్ధంతో తప్పుదారి పట్టించను అని అందులో ఒకటుంది. చదివేటప్పుడు నాకేమైనా అనిపిస్తుందేమో అని కనిపెట్టుకుని చూశాను. నోరు ఎండిపోయింది, అంతే. అమ్మ ముందు బెంచీ మీద కూర్చుంది. వెనక గోడ దగ్గర టై కట్టుకుని అంకుల్ నిలబడి ఉన్నారు. అమ్మ చెప్పి ఉంటుంది.

బయట పార్కింగ్‌లో పక్కలకు తోసిన మంచు ఇంకా కరగలేదు. అంకుల్ తన కారు దగ్గర ఆగారు.

"కంగ్రాట్స్ బిడ్డా."

"థాంక్స్ అంకుల్."

"ఇప్పుడు లాయర్‌వి అయినట్టేనా, ఇంకేమన్న మిగిలిందా?"

"అయిపోయింది."

"జాబ్ ఎట్ల మరి?"

"వెతుకుతున్నాను."

"నాకు తెలిసినోళ్లు ఇద్దరు..." అని మొదలుపెట్టి, ఆపేశారు. "వద్దులే. నువ్వే చూసుకో."

"భోజనానికి రండి. అమ్మ వండింది."

"ఇయాల ఒక పిల్లగానికి ఫోన్ ఇంటర్వ్యూ ఉంది. పక్కన నేను ఉండాలె."

ఎందుకు ఉండాలో నేను అడగలేదు. అడిగితే ఆయన చెబుతారు. ఆయన కారు తలుపు తీసుకుని, ఎక్కకుండా ఒక క్షణం నిలబడి, "మీ నాయన ఉంటే ముందు వరసల కూసునేటోడు," అన్నారు. తర్వాత ఎక్కి వెళ్లిపోయారు.

కారులో అమ్మ సీట్ బెల్ట్ పెట్టుకుంటూ అడిగింది.

"పిలిచావా?"

"పిలిచాను. పనుందన్నారు."

"ఇంకోసారి అడగాల్సింది."

"అడిగినా రారమ్మా."

ఇంటికొచ్చి ఇద్దరం తిన్నాం. గుత్తి వంకాయ, పప్పు, అంకుల్‌కి ఇష్టమని చేసిన చికెన్. తిన్నాక కెరీర్ ఆఫీసు అమ్మాయికి రాశాను, లైసెన్స్ వచ్చింది, ఉద్యోగం ఇంకా లేదు అని. తనే ముందు అభినందనలు పంపి, ఆ తర్వాత వెతుకుతున్నట్టే ఉంచుతున్నానని రాసింది. అమ్మ అంకుల్ వాటా డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టింది. దారిలో వెళ్తూ ఆయన ఆఫీసులో ఇచ్చి వస్తావా అని నన్ను అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. నేనూ ఇస్తానని అనలేదు. రెండు రోజులు చూసి, అది కూడా మేమే తిన్నాం.